కౌంట్ పడిపోతే ఇమ్యూనిటీ పడిపోయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ. వెన్నుపూసలకు కూడా పాకిందన్నారు. రిపోర్టులో ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్, కేఐ-67 30 శాతం అని ఉంది. పాల్బోసిక్లిబ్ 125, లెట్రోజోల్ 2.5 మొదలుపెట్టారు. పదిహేనో రోజు సీబీపీ రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 38 శాతం, ప్లేట్‌లెట్లు 1,60,000 వచ్చాయి. డాక్టరుగారు చూసి "ఫరవాలేదు, మాత్ర ఆపొద్దు" అన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఈ మందు కణాల విభజనను ఆపడమే కాకుండా క్యాన్సర్ మీదికి ఇమ్యూనిటీని లేపుతుందని కూడా చదివాను. మరి తెల్లకణాలు ఇలా పడిపోవడమేమిటి? హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కూతురికి 39 ఏళ్లు. ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్) అట, ఆపరేషన్‌కు ముందే కీమోతో పాటు ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు. అమ్మకూ అది ఇప్పించమని అడగొచ్చా? మా అత్తగారు తిప్పతీగ కషాయం పట్టమంటున్నారు. ఇంకో చిన్న సంగతి, పెరట్లో పంపర పనస కాపు మీద ఉంది. అమ్మకు ప్రాణం. తినొచ్చా?
— ఒక కూతురు, తెనాలి

సమాధానం: ముందు మీ చేతిలో ఉన్న సీబీపీ కాగితం చూద్దాం. 2,400ని ఒక్కదాన్నే చూసినా, 38 శాతాన్ని ఒక్కదాన్నే చూసినా సంగతి తెలియదు. రెంటినీ కలపాలి. 2,400ని 38తో గుణించి వందతో భాగిస్తే 912 వస్తుంది. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య అదే. డాక్టర్లు ఏఎన్‌సీ అనేది దీన్నే. రిపోర్టులో "బ్యాండ్ ఫామ్స్" అని వేరే శాతం ఇచ్చి ఉంటే దాన్ని కూడా 38కి కలిపి లెక్క కట్టాలి. ఏఎన్‌సీ 1,500 నుంచి 1,000 మధ్య ఉంటే రెండో గ్రేడు, 1,000 నుంచి 500 మధ్య మూడో గ్రేడు, 500 లోపు నాలుగో గ్రేడు.

మీ అమ్మగారిది మూడో గ్రేడు. ఆ మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఈ మాత్ర వాడేవాళ్లలో ఇది ఎక్కువమందికి వచ్చేదే. 2016లో ఫలితాలు వెలువడిన పాలోమా-2 ట్రయల్‌లో 666 మంది మహిళలు పాల్గొన్నారు. వాళ్లలో పాల్బోసిక్లిబ్, లెట్రోజోల్ కలిపి వాడినవారిని తీసుకుంటే, 66 శాతం మందికి న్యూట్రోఫిల్స్ మూడో గ్రేడుకో నాలుగో గ్రేడుకో దిగాయి. కౌంట్ తగ్గి దానితోపాటు జ్వరం కూడా వచ్చినవాళ్లు మాత్రం 1.8 శాతమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది.

కీమోథెరపీలో కౌంట్ పడిపోయే తీరు వేరు. ఆ మందులు ఎముక మజ్జలో విభజన చెందుతున్న కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, కణాలు చచ్చిపోతాయి. మళ్లీ మొదటి నుంచి పుట్టుకురావాలి. పాల్బోసిక్లిబ్ అలా చంపదు. మజ్జలో రక్తకణాలకు మూలమైన కణాలు విభజన చెందాలంటే సీడీకే6 అనే ప్రొటీన్ కావాలి. మాత్ర దాన్ని పని చేయనివ్వదు కాబట్టి ఆ కణాలు ఉన్నచోటే ఆగిపోతాయి. మాత్ర ఆపిన వారం రోజుల్లో మళ్లీ కదులుతాయి. 21 రోజులు వేసుకుని 7 రోజులు మానే పద్ధతి పెట్టింది ఇందుకే. సాధారణంగా కౌంట్ మొదటిసారి దిగేది దాదాపు పదిహేనో రోజు ప్రాంతంలో. మూడో గ్రేడుకు దిగితే అది ఉండేది సుమారు వారం. కీమోలో ఇచ్చినట్టు కౌంట్ పెంచే ఇంజెక్షన్లు ఇక్కడ మామూలుగా అవసరం రావు.

ఇక రాబోయే రోజుల్లో ఏం చేయాలో చూద్దాం. 21 రోజుల మాత్ర, 7 రోజుల విరామం కలిపితే ఒక సైకిల్. మొదటి రెండు సైకిళ్లలో పదిహేనో రోజున మూడో గ్రేడు కనిపిస్తే, జ్వరం లేనంతవరకు, అదే మోతాదులో 21 రోజులూ పూర్తి చేయించాలి. 22వ రోజున మళ్లీ సీబీపీ చేయించాలి. మీ డాక్టరుగారు మాత్ర ఆపొద్దన్నది ఈ నియమం ప్రకారమే. 22వ రోజున 500 లోపుకు దిగి ఉంటే, కౌంట్ 1,000 దాటేదాకా ఆగి, తర్వాత మోతాదు 100 మిల్లీగ్రాములకు తగ్గిస్తారు. దిగకపోతే వారం విరామం తర్వాత, కొత్త సైకిల్ మొదటి రోజు ఉదయం ఇంకో సీబీపీ. ఆ రోజు ఏఎన్‌సీ 1,000, ప్లేట్‌లెట్లు 50,000 అయినా ఉండాలి. లేకపోతే ఆ రోజు మాత్ర మొదలుపెట్టరు. వారంలోపు మళ్లీ పరీక్ష చేయించి, పెరిగాక అదే 125తో మొదలుపెడతారు. మోతాదు మెట్లు మూడే: 125, 100, 75. 75 కూడా పడకపోతే మందే మారుస్తారు. తర్వాత తర్వాత ప్రతి సైకిల్ మొదట్లో సీబీపీ చాలు. మొదటి ఆరు సైకిళ్లలో కౌంట్ రెండో గ్రేడు కంటే కిందికి దిగనివాళ్లకు ఆ పైన మూడు నెలలకోసారి చేస్తారు.

ఇళ్లల్లో తప్పు జరిగేది సాధారణంగా ఈ వారం విరామంలోనే. పాల్బోసిక్లిబ్ ఆపమన్నారని లెట్రోజోల్ కూడా ఆపేస్తారు. అది తప్పు. లెట్రోజోల్‌కు విరామం లేదు, రోజూ ఒకటి వేసుకోవాల్సిందే. కొందరు దీనికి తలకిందులుగా, మందు బాగా పని చేయాలని ఆ ఏడు రోజులూ పాల్బోసిక్లిబ్ వేయిస్తారు. అప్పుడు మజ్జకు తేరుకునే వ్యవధే దొరకదు. క్యాలెండర్‌లో మాత్ర మొదలుపెట్టిన రోజు, అక్కడి నుంచి లెక్కపెట్టి 15, 21, 22, 29వ రోజులు పెన్నుతో చుట్టి గోడకు తగిలించండి. మీరిచ్చింది క్యాప్సూల్ అయితే అన్నం తిన్నాక వేయాలి. ట్యాబ్లెట్ అయితే ఎప్పుడైనా వేయొచ్చు. వేసుకున్నాక వాంతి అయితే ఆ రోజు ఇంకోటి వేయకూడదు, మర్నాడు మామూలు వేళకే వేయాలి.

జ్వరం సంగతి వేరే చెప్పాలి. ఒళ్లు వెచ్చగా ఉందని చేయి పెట్టి చూసి సరిపెట్టుకోవద్దు. థర్మామీటర్ పెట్టండి. 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి ఏఎన్‌సీ 912 అని చెప్పండి. ఆ ఒక్క అంకె చెబితే అవతలి డాక్టరుకు సగం విషయం అర్థమైపోతుంది. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వచ్చినా అంతే. ఈ తరగతి మందులు అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి.

ఇప్పుడు మీరు చదివిన విషయం. ఇమ్యూనిటీని లేపుతుందన్న మాట నిజమే. కాకపోతే అక్కడ లేచే సైన్యం వేరు, మీ రిపోర్టులో తగ్గినది వేరు. న్యూట్రోఫిల్స్ ముఖ్యంగా బాక్టీరియా, ఫంగస్‌ల మీద పని చేస్తాయి. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపేవి టి-కణాలు. ఇవి లింఫోసైట్లలో ఒక రకం. ఈ మందుతో లింఫోసైట్లు కూడా కొంత తగ్గుతాయి. అయితే గడ్డ లోపల జరిగేది రక్తంలో సంఖ్యను చూసి చెప్పలేం.

గడ్డ లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే కణం ఎలా రెండవుతుందో కొంచెం చూడాలి. తెనాలి మనిషికి కాలువ లాకులు తెలియనివి కావు. కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ అలాంటి లాకు తలుపు. అది మూసి ఉన్నంతసేపు, దాని వెనక ఉండే ఈ2ఎఫ్ అనే ప్రొటీన్ కదలలేదు. ఈ2ఎఫ్ కదిలితేనే డీఎన్‌ఏను రెండింతలు చేసే జన్యువులు పని మొదలుపెడతాయి. తలుపు ఎత్తేది సైక్లిన్-డి, సీడీకే4, సీడీకే6 అనే ప్రొటీన్ల జట్టు. ఆర్‌బీకి ఫాస్ఫేట్ గుంపులు తగిలించి దాని పట్టు సడలిస్తుంది. ఈ జట్టును ఆపడానికి కణంలోనే పీ16 అనే కాపలా ఉంటుంది. సైక్లిన్లను 1982లో సముద్రపు అర్చిన్ గుడ్లలో కనిపెట్టినవారు టిమ్ హంట్. ఆయనకు, లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్‌లకు కలిపి 2001లో నోబెల్ ఇచ్చారు. అక్కడి నుంచి పద్నాలుగేళ్లకు, 2015 ఫిబ్రవరిలో, పాల్బోసిక్లిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈస్ట్రోజెన్ మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్లలో, మీ అమ్మగారిది అదే రకం (ఈఆర్ పాజిటివ్ అంటే అదే), సైక్లిన్-డి1 మోతాదు మించి తయారవుతుంది. ఈస్ట్రోజెనే దాని తయారీని పెంచుతుంది. దానికి తోడు కొందరిలో ఆ జన్యువుకే అదనపు నకళ్లు పుడతాయి. తలుపు ఎప్పుడూ ఎత్తే ఉంటుంది. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తే, పాల్బోసిక్లిబ్ సీడీకే4, సీడీకే6ల చేతులు కట్టేస్తుంది. తలుపు మళ్లీ మూసుకుంటుంది. పాలోమా-2లో లెట్రోజోల్ ఒక్కటే వాడినవాళ్లలో జబ్బు అదుపులో ఉన్న కాలం సగటున 14.5 నెలలు, రెండూ వాడినవాళ్లలో 24.8 నెలలు. ఇక్కడ సగటు అంటే మధ్యస్థం. సగం మందికి అంతకన్నా ఎక్కువ కాలమే అదుపులో ఉంది.

అంతవరకు విభజన ఆగడం గురించి. ఇమ్యూనిటీ కథ ఇందులోకి ఎలా వచ్చిందంటే, మన డీఎన్‌ఏలో లక్షల ఏళ్ల కిందట చొరబడి అక్కడే ఉండిపోయిన పాత వైరస్‌ల ముక్కలు ఉన్నాయి. కణం వాటి మీద మిథైల్ గుర్తులు వేసి నోరు మూయించి ఉంచుతుంది. ఆ గుర్తులు వేసే ఎంజైమ్ డీఎన్‌ఎంటీ1. అది తయారు కావాలంటే ఈ2ఎఫ్ పని చేయాలి. లాకు మూసుకుని ఈ2ఎఫ్ ఆగితే డీఎన్‌ఎంటీ1 తగ్గుతుంది, గుర్తులు చెరిగిపోతాయి, ఆ పాత ముక్కలు ఆర్‌ఎన్‌ఏను తయారు చేయడం మొదలుపెడతాయి. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపించగానే కణం "వైరస్ వచ్చింది" అనుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో, తన లోపలి ప్రొటీన్ ముక్కలను పైకి తెచ్చి టి-కణాలకు చూపించే ఎంహెచ్‌సీ-1 అణువులను ఎక్కువగా పేర్చుకుంటుంది. ఇన్నాళ్లు ముసుగు వేసుకున్న క్యాన్సర్ కణం తన ముఖం తానే చూపించుకున్నట్టవుతుంది. బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దీన్ని 2017లో ఎలుకల్లో చూపించారు. ఒక ట్రయల్‌లో మందు వాడిన రోగుల నుంచి చికిత్సకు ముందు, మధ్యలో తీసిన బయాప్సీల్లో కూడా ఇదే దిశలో మార్పులు కనిపించాయి.

అదే పనిలో వాళ్లు గమనించిన ఇంకో విషయం ఉంది. టి-కణాల్లో రెగ్యులేటరీ రకం ఒకటి ఉంటుంది. మిగతా టి-కణాలను "చాలు, తగ్గండి" అని ఆపడం దాని పని. గడ్డలో ఇవి ఎక్కువైతే చంపే కణాలు చల్లబడతాయి. పాల్బోసిక్లిబ్ లాంటి సీడీకే4/6 మందు ఈ ఆపే కణాల సంఖ్యను చంపే కణాలకన్నా ఎక్కువగా తగ్గించింది. 2018లో వచ్చిన మరో పని ప్రకారం, ఈ మందు టి-కణాల్లో ఎన్‌ఎఫ్‌ఏటీ అనే ప్రొటీన్ కట్టును సడలించి వాటి చురుకును కూడా పెంచుతుంది. కాబట్టి సంఖ్య కాస్త తగ్గినా పనితనం పెరిగే అవకాశం ఉంది. మీరు చదివిన "ఇమ్యూనిటీ లేస్తుంది" అన్నమాట వెనక ఉన్నది ఇదంతా.

ఇంతవరకు చదివి సంతోషించడం సహజమే. అయితే కథలో రెండో వైపు కూడా అంత బలంగానే ఉంది. టి-కణాలకు "ఆగు" అని సైగ చేసే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ క్యాన్సర్ కణం పైన ఉంటుంది. ఇది కణ చక్రంలో ఒకే స్థాయిలో ఉండదు. విభజన జరిగేటప్పుడు, ఆ వెంటనే ఎక్కువగా ఉండి, డీఎన్‌ఏ రెట్టింపయ్యే దశకు వచ్చేసరికి బాగా తగ్గుతుంది. తగ్గించేది మళ్లీ సైక్లిన్-డి, సీడీకే4 జట్టే. ఎస్‌పీఓపీ అనే ప్రొటీన్‌ను నిలబెట్టి, దానిచేత పీడీ-ఎల్1ను చెత్తబుట్టలో వేయిస్తుంది. సీడీకే4ను మందుతో ఆపితే ఈ శుభ్రం చేసే పని కూడా ఆగుతుంది, పీడీ-ఎల్1 పెరుగుతుంది. ఇది కూడా బోస్టన్‌లోనే, 2018లో తేలింది. అంటే ఒకే మాత్ర క్యాన్సర్ కణం ముఖం బయటపెడుతూనే, దాని చేతికి ఒక డాలు కూడా ఇస్తోంది. పైగా ఇంటర్‌ఫెరాన్ ఎప్పుడూ మిత్రుడే అనుకోవడానికి లేదు. గడ్డలో ఇంటర్‌ఫెరాన్ జాడ ఎక్కువగా ఉన్న కొందరిలో ఈ మందులకు లొంగని గుణం కనిపించింది.

మరి డాలును తీసేసే ఇమ్యునోథెరపీ మందును దీనికి కలిపితే సరిపోతుంది కదా అని మీకు అనిపిస్తుంది. పరిశోధకులకూ సరిగ్గా అదే అనిపించింది. ఎలుకల్లో బాగా పని చేసింది కూడా. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. పాల్బోసిక్లిబ్ తరగతిదే అయిన అబెమాసిక్లిబ్‌కు ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ కలిపిన ట్రయల్‌లో ఊపిరితిత్తుల వాపు, కాలేయ ఎంజైముల పెరుగుదల విడివిడిగా వాడినప్పటికన్నా ఎక్కువగా కనిపించాయి. పాల్బోసిక్లిబ్‌కు, లెట్రోజోల్ లాంటిదే అయిన అనాస్ట్రోజోల్‌కు, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపి ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన ట్రయల్‌లో, కాలేయం దెబ్బతినడం వల్ల కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు. మెలకువ వచ్చిన టి-కణాలు క్యాన్సర్ దగ్గరే ఆగక కాలేయం మీదికీ, ఊపిరితిత్తుల మీదికీ పోతాయి. ఆపే రెగ్యులేటరీ కణాలు తగ్గిపోయిన ఒంట్లో అది ఇంకా సులభం.

పేస్ అనే ట్రయల్ ఫలితం ఇంకో తీరులో ఉంది. అప్పటికే ఒక సీడీకే4/6 మందుకు లొంగకుండా పోయిన 220 మందిని మూడు జట్లు చేశారు. ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే ఫుల్వెస్ట్రాంట్ ఒక్కటే ఇచ్చినవాళ్లకు జబ్బు అదుపులో ఉన్నది 4.8 నెలలు, దానికి పాల్బోసిక్లిబ్ కలిపితే 4.6 నెలలు, ఆ రెంటికీ అవెలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కూడా కలిపితే 8.1 నెలలు. మూడో అంకె ఆశ పుట్టించేదే. కానీ గణాంకాల లెక్కలో ఆ తేడా రుజువైనట్టు కాదు. చికిత్స మార్చడానికి అది చాలదు. అందుకే మీ అమ్మగారికి ఇప్పుడు ఇమ్యునోథెరపీ ఇప్పించమని అడగొద్దని గట్టిగా చెబుతున్నాం. ఎవరైనా ట్రయల్‌లో చేర్చుకుంటామంటే అది వేరే మాట. అక్కడ కాలేయాన్ని, ఊపిరితిత్తులను వెంటవెంటనే పరీక్షించే ఏర్పాటు ఉంటుంది. ట్రయల్ కాకుండా, డబ్బు పెడితే కలిపి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మీ పిన్ని కూతురి సంగతికి వస్తే, పేరు రెండింటికీ రొమ్ము క్యాన్సరే అయినా కణ చక్రం చెడిన చోటు వేరు. ట్రిపుల్ నెగెటివ్ గడ్డల్లో ఎక్కువ భాగం పీ53 అనే ప్రొటీన్‌ను పోగొట్టుకుని ఉంటాయి. డీఎన్‌ఏ దెబ్బతింటే విభజనను ఆపేది అదే. వీటిలో కొన్నింట్లో ఆర్‌బీ కూడా ఉండదు. లాకు తలుపే కొట్టుకుపోయాక దాన్ని ఎత్తే జట్టును కట్టేసి లాభమేముంది? అందుకే పాల్బోసిక్లిబ్ అక్కడ పనికిరాదు. అలాంటి గడ్డ బయాప్సీలో పీ16 విపరీతంగా ఎక్కువగా కనిపించడం కద్దు. కాపలావాడు ఎంత అరిచినా మూయడానికి తలుపు లేదు.

ఆ తొందరపాటు విభజనలో క్రోమోజోములు సరిగా పంచుకోవడం కుదరదు. వెనకబడిన ముక్కలు ప్రధాన కేంద్రకంలో కలవక చిన్న చిన్న పొట్లాలుగా విడిగా ఉండిపోతాయి. వీటిని మైక్రోన్యూక్లియస్‌లు అంటారు. వాటి పొర పలచన, ఇట్టే చిరుగుతుంది. డీఎన్‌ఏ కేంద్రకం బయట పడితే సీ-గ్యాస్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని, స్టింగ్ అనే మరో ప్రొటీన్ ద్వారా ఇంటర్‌ఫెరాన్‌కు కబురు పంపుతుంది. ఈ సంబంధం 2017లో స్పష్టమైంది. ఇందుకు కణం విభజన దశను దాటి రావడం అవసరం. అంటే విభజన ఆగితే ఒక దారిలో, విభజన అదుపు తప్పితే ఇంకో దారిలో, రెండు విధాలా ఇంటర్‌ఫెరాన్ పుడుతుంది. ఈ దారిలోనూ మెలిక ఉంది. స్టింగ్ నెలల తరబడి అలాగే మోగుతూ ఉంటే కొన్ని గడ్డలు దానికి అలవాటుపడి, ఇతర అవయవాలకు పాకడానికే దాన్ని వాడుకుంటాయని 2018లో గమనించారు.

ట్రిపుల్ నెగెటివ్ గడ్డల చుట్టూ లింఫోసైట్లు తరచుగా ఎక్కువగా చేరి ఉండడానికి ఇదొక కారణం. వాటిని బయాప్సీలో శాతంగా లెక్కిస్తారు, టిల్స్ అంటారు. సైన్యం అప్పటికే గుమ్మంలో ఉంది, డాలు తీస్తే చాలు. కాబట్టి పెంబ్రోలిజుమాబ్ అక్కడ పని చేస్తుంది. 1,174 మంది పాల్గొన్న కీనోట్-522 అనే ట్రయల్‌లో ఆపరేషన్ నాటికి రొమ్ములోను చంకలోను క్యాన్సర్ జాడే లేకుండా పోయినవాళ్లు కీమోతో 51.2 శాతం, కీమోకు పెంబ్రోలిజుమాబ్ కలిపితే 64.8 శాతం. ఐదేళ్లకు బతికి ఉన్నవారు 81.7, 86.6 శాతం. ఈ దశలో పీడీ-ఎల్1 పరీక్ష చూసి నిర్ణయించక్కర్లేదు. ట్రిపుల్ నెగెటివ్ ఇతర అవయవాలకు పాకినప్పుడు మాత్రం ఆ పరీక్షలో స్కోరు 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే పెంబ్రోలిజుమాబ్ ఇస్తారు. మీ పిన్ని కూతురికి ఒక మాట చెప్పండి: ఇంజెక్షన్ మొదలుపెట్టాక కొన్ని నెలలకైనా, మొత్తం అయిపోయాక అయినా, విపరీతమైన నీరసం, ఆగని విరేచనాలు, ఆయాసం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే అది టి-కణాలు సొంత అవయవాల మీద పడడం కావచ్చు. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటే ఆ నష్టం శాశ్వతంగా ఉండొచ్చు. ఈ గ్రంథుల (ఎండోక్రైన్) పరీక్షలు మానొద్దు.

మీ అమ్మగారి గడ్డకు ఇంకేవైనా పరీక్షలు చేయించాలా అని మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు చేయించమంటారు. సైక్లిన్-డి1 ఎక్కువ నకళ్లు, పీ16 లోపం చూసి ఎవరికి ఈ మందు పడుతుందో చెప్పొచ్చని మొదట్లో అనుకున్నారు. పాలోమా-1 ట్రయల్‌లో అలా ఎంపిక చేసి చూశారు, ప్రత్యేకంగా లాభమేమీ కనపడలేదు. ఇప్పటికీ ఈఆర్ పాజిటివ్ అన్న ఒక్క మాటే ఆధారం. కేఐ-67 30 శాతం అంటే ఆ ముక్కలో వందకు ముప్ఫై కణాలు విభజన చక్రంలో ఉన్నాయని అర్థం. విశ్రాంతిలో ఉన్న కణాల్లో ఆ ప్రొటీన్ ఉండదు. మీ అమ్మగారికి పీడీ-ఎల్1 పరీక్ష వల్ల ఇప్పుడు చికిత్స మారదు. ఆ డబ్బు ఆదా చేయండి. ఆసుపత్రి దగ్గర ఉండే బయాప్సీ మైనపు బ్లాకును మాత్రం భద్రంగా ఉంచమని, అవసరమైతే ఇచ్చేలా రసీదుతో రాయించుకోండి. ఎప్పటికైనా జబ్బు మళ్లీ కదిలితే కొత్త బయాప్సీతో పోల్చి చూడడానికి కావాలి. ఈ మందుకు కణాలు లొంగకుండా పోయే దారుల్లో ఆర్‌బీని పోగొట్టుకోవడం ఒకటి, సీడీకే4/6 అవసరమే లేకుండా సైక్లిన్-ఈ, సీడీకే2 జట్టుతో తలుపు ఎత్తుకోవడం ఇంకొకటి. అప్పుడు చూడాల్సింది ఆ మార్పులను, పీఐకే3సీఏ, ఈఎస్‌ఆర్1 జన్యువులను.

తిప్పతీగ కషాయం వద్దు. మీ అత్తగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కాబట్టి కారణం కూడా ఆవిడకు వివరంగా చెప్పండి. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. తర్వాత దేశంలోని ఇతర ఆసుపత్రుల నుంచి కూడా అలాంటివి వచ్చాయి. శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసినట్టుగా ఉండే వాపు అది. పాల్బోసిక్లిబ్‌ను విడగొట్టేది కాలేయమే. అది వాస్తే మందు రక్తంలో పేరుకుంటుంది, కౌంట్ ఇంకా పడిపోతుంది. ఎంజైములు పెరిగితే కారణం మాత్రా, కషాయమా తేల్చలేక డాక్టర్లు ముందు మాత్రే ఆపుతారు. పసుపు కూరల్లో వేసుకున్నంత వేసుకోవచ్చు, కర్క్యుమిన్ క్యాప్సూళ్లు మాత్రం వద్దు.

కాలేయంలో పాల్బోసిక్లిబ్‌ను విడగొట్టే ఎంజైమ్ పేరు సీవైపీ3ఏ. దాన్ని అడ్డుకునే మందులు మందుల షాపులో ఇట్టే దొరుకుతాయి. తామరకు వాడే ఇట్రాకోనజోల్, గొంతు ఇన్ఫెక్షన్‌కు రాసే క్లారిత్రోమైసిన్ అలాంటివే. తామర మన ఎండలకు ఎవరికైనా వస్తుంది, షాపువాళ్లను అడిగి పదిహేను రోజుల క్యాప్సూళ్లు తెచ్చుకోవడం కూడా మామూలే. అవి వేస్తే రక్తంలో పాల్బోసిక్లిబ్ దాదాపు రెట్టింపు అవుతుంది. దీనికి ఎదురుగా పని చేసేవి కూడా ఉన్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ ఆ ఎంజైమ్‌ను పెంచి మాత్రను పని చేయకముందే విడగొట్టేస్తాయి. కాబట్టి ఏ చిన్న జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పాల్బోసిక్లిబ్ అట్ట చేతిలో ఉండాలి. పళ్లు పీకించుకోవాలన్నా, ఎముకల కోసం జొలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టాలన్నా ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలి. కౌంట్ తగ్గిందని పచ్చివన్నీ మానేసే కఠిన పథ్యంతో ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు అధ్యయనాల్లో తేలలేదు. శుభ్రంగా కడిగిన పళ్లు, వేడివేడిగా వండినది, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తినొచ్చు.

మీ చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు. పంపర పనస గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం. రెంటిలోనూ ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. ఇవి పేగు గోడలో ఉండే ఆ సీవైపీ3ఏ ఎంజైమ్‌నే పాడుచేస్తాయి. ఒక్కసారి తిన్నా ఆ ప్రభావం మర్నాటి దాకా ఉంటుంది, అందుకని పొద్దున మాత్ర, సాయంత్రం పండు అని వేళలు మార్చినా పని జరగదు. పుల్ల నారింజ కూడా ఇదే కోవలోది. మాత్ర వాడుతున్నన్ని రోజులు, విరామ వారంలో కూడా, ఈ రెండూ పెట్టొద్దు. బత్తాయి, కమలా నిశ్చింతగా ఇవ్వండి. చెట్టు మీది కాయలు ఈసారికి ఇరుగుపొరుగు వాళ్లకు పంచేయండి.